క్రియల కింద గీతలు

సారు పోయిన సంగతి బడిలో మధ్యాహ్నం భోజనాల వేళ తెలిసింది. ఆ రోజు పిల్లలకు గుడ్డు పెట్టే రోజు. గిన్నె పట్టుకొని వరుసల మధ్య నడుస్తున్నాను. బల్ల మీద ఫోను ఆగకుండా వణుకుతుంటే వెళ్లి చూశాను. మా డిగ్రీ వాళ్ల వాట్సప్ గ్రూపు. సారు ఫొటో, దాని కింద ‘మన తెలుగు సారు ఇక లేరు’ అని ఒక వాక్యం, ఆ కింద జోడించిన చేతుల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఫోను బోర్లా పెట్టి, మిగిలిన వరుసలకు గుడ్లు పంచాను. చివర కూర్చున్న పిల్లకు చితికిన గుడ్డు వచ్చింది. మార్చి ఇచ్చాను.

సాయంత్రం కోస్గి బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. ఇంటికెళ్లి బట్టలు ఉతికి ఆరేశాను.

పాలమూరులో నేను డిగ్రీ చదివిన మూడేళ్లూ ఆయనే మాకు తెలుగు చెప్పారు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నేను చేరాను. ఆయన అక్కడ కాంట్రాక్టు లెక్చరరు. ఊరు మర్రిగూడ వైపు. పాలమూరులో ఒక గది కిరాయికి తీసుకొని ఉంటూ, శనివారం సాయంత్రం ఊరికి వెళ్లి సోమవారం పొద్దున్నే వచ్చేవారు. ఆయన గురించి నాకు తెలిసిన వివరాలు ఇంతే. వయసెంతో, పిల్లలున్నారో లేదో అప్పుడు తెలియదు. అడగాలని తోచలేదు కూడా. ఆయన క్లాసులో కూర్చున్న కొద్దీ మనుషుల వివరాలు అడిగే అలవాటు మాకు తప్పిపోయింది.

ఆయన మెడ తిరిగేది కాదు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే కాళ్లతో సహా మొత్తం మనిషి తిరిగేవారు. బోర్డు మీద రాసేటప్పుడు దానికి భుజం ఆనించి ఓరగా నిలబడేవారు, బోర్డూ మేమూ కనబడేలా. మొదటి వారం వెనక బెంచీ వాళ్లు ఆయనలా తిరిగి చూపించి నవ్వుకున్నారు. రెండో వారానికి మానేశారు. మర్రిగూడ నీళ్ల సంగతి మాలో తెలియని వాళ్లు లేరు. చిన్నప్పటి నుంచి ఆ బోరు నీళ్లు తాగితే ఎముకలు ఎట్లా బిగుసుకుపోతాయో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆయన మాత్రం ఆ ముచ్చట ఎన్నడూ ఎత్తలేదు. ఒకసారి కాలేజీ వార్షికోత్సవంలో ఒక పెద్దమనిషి ఆయనను పరిచయం చేస్తూ, ఫ్లోరైడు భూతాన్ని జయించిన గురువు అని చాలాసేపు మాట్లాడాడు. సారు మైకు అందుకున్నారు.

“నా మెడ ముచ్చట అయిపోయింది గద. ఇగ కవిత ముచ్చట మాట్లాడుకుందం.”

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

మా సిలబసులో సాహిత్య విమర్శ పేపరు ఉండేది. అందులో రూపవాదం ఒక పాఠం. రచనను రచయిత జీవితంతో ముడిపెట్టకుండా దాని నిర్మాణాన్ని పరిశీలించే పద్ధతి అని గైడులో నాలుగు లైన్లు ఉంటే బట్టీ పట్టి వచ్చాం. సారు గైడు తెరవలేదు. జిరాక్సు కాగితాలు పంచారు. ఒక్కోదాని మీద ఒక కవిత. పైన పేరు లేదు, కింద పేరు లేదు.

“సార్, గిది ఎవలు రాసిన్రు?” అని ముందు బెంచీ అబ్బాయి లేచాడు.

“ఎవలు రాస్తే ఏంది? నీ ముంగట కాయితమున్నది. సదువు.”

“ఆడోళ్లో మొగోళ్లో గదన్న జెప్పున్రి సార్.”

“ఎందుకు, సంబంధం జూస్తున్నవా?”

క్లాసంతా ఘొల్లుమంది. నవ్వులు ఆగాక ఒకమ్మాయి, కవిత చాలా బాధగా ఉంది సార్ అంది. ఆయన మొత్తంగా ఆమె వైపు తిరిగారు.

“యాడున్నది బాధ? సూపియ్యి.”

“మొత్తం ఉన్నది సార్.”

“మొత్తం ఉండది. ఒక్కకాడ ఉంటది. ఆ కాడికి పోయొచ్చినంక మొత్తం ఉన్నట్టు కొడ్తది. ఎతుకు.”

ఆ మూడేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నామో. యాడున్నది, సూపియ్యి. కథలో హీరో మంచివాడంటే, ఏ వాక్యంలో మంచివాడు అని అడిగేవారు. భయమేసిందంటే, ఏ మాట దగ్గర మొదలైంది అనేవారు. మేం వెతికే వరకు కిటికీ దగ్గర ఊరికే నిలబడేవారు. ఒక్కోసారి పీరియడు అట్లాగే అయిపోయేది. ఆ రోజు మాత్రం చాలాసేపటికి ఆ అమ్మాయే మళ్లీ లేచింది.

“‘అమ్మ’ అన్నకాడ పాదం ఇరిగింది సార్. ‘లేదు’ అనేది కింది పాదంల ఉన్నది. పై పాదం సదివి కిందికి దిగేదాంక అమ్మ ఉన్నట్టే ఉంటది.”

సారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మెచ్చుకోవడం అంటే ఆయనకు అంతే. శభాష్ అనడం నేను వినలేదు.

కథల పాఠం ఇంకోలా చెప్పారు. బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు. బస్సు పోయింది. ఆమె వచ్చింది. వాటి పక్కనే వాటినే తిరగేసి రాశారు. ఆమె వచ్చింది. బస్సు పోయింది. ఏం మారిందని అడిగారు. ఏం మారలేదు సార్, బస్సు బస్సే, ఆమె ఆమే అన్నాడొకడు. నారాయణపేట నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి చెయ్యెత్తింది.

“మొదటిదాన్ల తప్పు ఆమెది సార్. లేటుగ వచ్చింది. రెండోదాన్ల తప్పు బస్సుది. ఆపలె.”

కళ్లజోడు మళ్లీ దిగింది. ఇప్పుడు నేను తొమ్మిదో తరగతికి కథ చెప్పేటప్పుడు ఆ రెండు వాక్యాలే రాస్తాను. పిల్లలు ఆయన పేరు అడగరు, నేనూ చెప్పను.

నా సంగతి చెప్పాలి.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా మా అక్క పోయింది. కంది కోతలప్పుడు చేనులో పాము కరిచింది. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. పందొమ్మిదేళ్లు. ఆ తర్వాత మా ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. అమ్మ ఆమె బట్టలు ఎక్కడ పెట్టిందో తెలియదు. నాయిన కంది వేయడం మానేసి ఆ చేనులో పత్తి వేశాడు. మేం ముగ్గురం అన్నం తినేవాళ్లం, పనులు చేసుకునేవాళ్లం. ఏడుపులు కూడా వారం పది రోజులకే ఆగిపోయాయి.

డిగ్రీ రెండో ఏడు తెలంగాణ భాషా దినోత్సవానికి కాలేజీలో కవితల పోటీ పెట్టారు. నేను అక్క మీద రాశాను. చదువుతుంటే ముందు వరుసలో కూర్చున్న మేడమ్‌లు కొంగుతో కళ్లొత్తుకున్నారు. మొదటి బహుమతి, శాలువా. జనం వచ్చి చేతులు పట్టుకున్నారు. ఆ గుంపులో సారు లేరు. మరునాడు నేనే కాగితం తీసుకొని స్టాఫ్ రూముకు వెళ్లాను. ఆయన కూడా బాగుందంటారని వెళ్లానని ఒప్పుకోవాలి.

ఆయన వెలుతురు పడేలా కిటికీ వైపు తిరిగి రెండుసార్లు చదివారు. కాగితం బల్ల మీద పెట్టి, నా ముందుకు ఒక పెన్సిలు జరిపారు.

“క్రియల కింద గీతలు గియ్యి.”

“సార్, గది మా అక్క గురించి.”

“ఎరికే. గియ్యి.”

గీశాను. పదిహేడు వచ్చాయి.

“ఒక్కొక్కటి ఎవలు జేసిన పనో పక్కన రాయి.”

రాస్తూ పోయాను. ఏడ్చాను, నేను. వెతికాను, నేను. కుమిలిపోయాను, నేను. నిద్రలేచాను, కన్నీళ్లు తుడుచుకున్నాను, ఆకాశాన్ని అడిగాను. అన్నీ నేనే. పదహారు చోట్ల నేను. చిట్టచివరి పాదంలో ఒక్కచోట అక్క. వెళ్లిపోయింది.

“గింత పెద్ద కవితల మీ అక్క ఒక్కటే పని జేసింది” అన్నారు సారు. గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. “సచ్చిపోయింది. బతికినన్నొద్దులు ఏం జేస్తుండె?”

నేను కాగితం లాక్కొని బయటికి వచ్చేశాను. రెండు వారాలు ఆయన క్లాసుకు వెళ్లలేదు. ఈ మనిషికి రక్తం ఉందా అని హాస్టల్లో అందరితో అన్నాను. మా అక్క చచ్చిపోతే వ్యాకరణం అడుగుతాడా అన్నాను. అందరూ నిజమే అన్నారు. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్నాను. అక్క ఏం చేసేది? ముఖం గుర్తుంది, ఫొటోలో ఉన్న ముఖం. గొంతు లీలగా గుర్తుంది. పనులు ఒక్కటీ రాలేదు. మూడేళ్లకే అక్క నాకు ఒక్క క్రియగా మిగిలిపోయింది.

రెండో ఆదివారం ఊరికి వెళ్లాను. అమ్మ అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చొని నేనూ నాలుగు కాయలు తీసుకున్నాను.

“అమ్మా, అక్క ఏం జేస్తుండె?”

అమ్మ చేతులు ఆగాయి. “ఏం జేస్తుండె అంటే?”

“పొద్దుగాల లేస్తనే ఏం జేస్తుండె?”

ఒళ్లో పడ్డ ఈనెలు దులిపింది. ఇక లేచి వెళ్లిపోతుందనుకున్నాను.

“జడేసుకునేటప్పుడు రిబ్బను పండ్ల వట్టుకుంటుండె” అంది. “గట్ల వట్టుకొనే మాట్లాడ్తుండె. ఒక్క ముక్క సమజ్ కాకపోతుండె. తీసి మాట్లాడే అంటే ఇంటేనా.”

నేను సంచిలోంచి నోటుబుక్కు తీశాను.

“నీ చెప్పులేసుకొని వోతుండె. మీరిద్దరు కొట్లాడుకుంటుంటిరి. కోడిపిల్లలకు ఒక్కొక్కదానికి పేరు వెడ్తుండె, తెల్లారి మర్శిపోయి మల్ల కొత్తయి వెడ్తుండె. రొట్టె సగం తిని సగం గూట్ల దాసుకుంటుండె.”

వాకిట్లో గొర్రు బాగుచేసుకుంటున్న నాయిన తలెత్తకుండా అన్నాడు. “పాటలు వాడుతుండె. ఏ పాటైనా సగమే వస్తుండె. కడమ సగం ఊ ఊ అని కానిస్తుండె.”

అమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఇక ఆపుకోలేకపోయింది. నాయిన లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. మూడేళ్ల తర్వాత మా ఇంట్లో అక్క పేరు వినబడింది ఆ రోజే. నేను ఏడవలేదు. రాసుకుంటూ కూర్చున్నాను. పొద్దు గూకే వరకు చెబుతూనే ఉన్నారు, నాలుగు పేజీలు నిండాయి.

సోమవారం ఆ పేజీలు సారు బల్ల మీద పెట్టి నిలబడ్డాను. రెండు వారాలు ఎందుకు రాలేదని అడగలేదు. చదివారు. కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు.

“రిబ్బను ఉండనియ్యి. కడమది తీసెయ్యి.”

నేను తీసెయ్యలేదు. ఆ నాలుగు పేజీలు అట్లాగే ఉన్నాయి. కవిత కాలేదు, ఎక్కడా అచ్చు కాలేదు. శాలువా వచ్చిన కవిత ఎక్కడ పోయిందో నాకు తెలియదు.

తర్వాత బీఎడ్ చేశాను, ఉద్యోగం వచ్చింది. సారుకు కాలేజీలో కాంట్రాక్టు ఆగిపోయిందని, ఊళ్లోనే ఉంటున్నారని ఎవరో చెప్పారు. పోయిన ఏడాది ఒకసారి ఆయన ఫోను చేశారు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను, ఎత్తలేదు. తర్వాత చేద్దాంలే అనుకున్నాను. చేయలేదు.

దినాలు అయిపోయాక ఒక ఆదివారం ఆయన ఊరు వెళ్లాను. కల్వకుర్తి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి, చివర ఆటో. దారి పొడుగునా పత్తి చేలు. సారు భార్య వాకిట్లో పెసలు చెరుగుతోంది. పాలమూరు కాలేజీల సారు దగ్గర సదువుకున్ననమ్మా అనగానే చాట పక్కన పెట్టి, నల్లా నీళ్లు చెంబుతో తెచ్చి ఇచ్చింది. కూతురూ అల్లుడూ దినాలు చేసి వెళ్లిపోయారని చెప్పింది. తినమని బలవంతం చేస్తే తిన్నాను. జొన్నరొట్టె, పప్పు. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. పరామర్శకు వచ్చిన మనిషి అంత తినకూడదేమో. ఆకలైంది.

“కాలేజిల ఏం జెప్తుండె బిడ్డా మీ సారు?” అని అడిగింది. “ఇంట్ల మాట్లాడుడు తక్కువ. వచ్చినా పుస్తకం వట్టుకొని కూసుంటుండె.”

“కవితలు, కథలు సదివిస్తుండె అమ్మా. రాసినోళ్లు ఎవలన్నది సూడొద్దు, రాసింది సూడాలె అంటుండె.”

“గదెట్ల? రాసినోళ్లు లేకుంట రాసుడెట్లయితది?”

జవాబు నా దగ్గర ఉంది, పది మార్కులకు రాసిన జవాబే. చెప్పబుద్ధి కాలేదు. ఆమె లోపలికి వెళ్లి ట్రంకు పెట్టె మూత తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక సన్నని పుస్తకం ఉంది.

“గిది ఆయనదే అన్నరు. లగ్గమైన రెండేండ్లకు అచ్చేసిండు. ఏమున్నదో నాకెవ్వరు సదివి జెప్పలె. నువ్వు సదువు.”

అట్ట మీద సారు పేరు ఉంది. ఆయన కవితలు రాశారని మాకు తెలియదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు. తెరిచాను. మొదట నాలుగు పేజీల ముందుమాట, ఎవరో పట్నం పెద్దాయన రాసింది. అందులో నీళ్లున్నాయి, ఎముకలున్నాయి, పుట్టిన ఊరి దురదృష్టం ఉంది. మెడ అన్న మాట వచ్చిన ప్రతిచోటా పక్కన పెన్సిలుతో చిన్న చుక్క ఉంది. లోపలి కవితల నుంచి ఒక్క పాదం కూడా ఆ నాలుగు పేజీల్లో లేదు. చుక్కల సంగతి నేను ఆమెకు చెప్పలేదు.

పేజీలు తిప్పి, చిన్నది ఒకటి చదివాను.

*ఎడమ దిక్కు ఎర్రగైతాంది.*
*అందరు అటే సూస్తున్నరు.*
*నువ్వు తిరుగకు*
*అన్నది పొద్దు,*
*నేనే ముందటికొచ్చి నిలవడ్త.*

బాగుందనుకున్నాను. మాట ముందు వచ్చి, ఎవరన్నారో తర్వాత పాదంలో తెలుస్తుంది. అట్లా ఏదో చెప్పబోయి తల ఎత్తాను. ఆమె నా వైపు చూడటం లేదు.

“పొద్దు గాదు” అంది.

“ఏందమ్మా?”

“పొద్దెట్లంటది? నేనన్న.”

చాటలో పెసలు అరచేత్తో ఒక పక్కకు నెట్టింది, మళ్లీ ఇటు నెట్టింది.

“లగ్గమైన కొత్తల. బోరింగు కాడ బిందెత్తుకొని ఎన్క నుంచి పిలిసిన. మొత్తం మనిషి తిరుగవట్టిండు, తిరుగుతుంటె మొఖం గిట్లయింది నొప్పికి. నువ్వు తిరుగకు, నేనే ముందటికొచ్చి నిలవడ్త అన్న. ఆయన ఏమనలె. ఊకున్నడు.” చాటలోంచి ఒక రాయి ఏరి పడేసింది. “ఇనలేదేమో అనుకున్న గన్నొద్దులు.”

ఆ పాదాల మీద వేలు పెట్టి మళ్లీ చూసుకున్నాను. 

“పొద్దని ఎందుకు రాసిండు బిడ్డా?”

“తెల్వదమ్మా.”

“మల్లొక్కసారి సదువు.”

చదివాను. పొద్దు అని ఉన్నచోట పొద్దు అనే చదివాను. ఆమె వింది. తన పేరు చెప్పి, ఎక్కడన్నా ఉందేమో చూడమంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, అంకితం, అట్ట వెనక, అన్నీ చూశాను. లేదు.

“లేదమ్మా.”

“పోనియ్యి” అంది. “గా మాట ఉన్నకాడ గుర్తు వెట్టియ్యి. నాకు సదువ రాదు గద, మల్ల ఎతుకుతే దొరుకది.”

పేజీ పై మూల మడిచి పుస్తకం ఆమె చేతికి ఇచ్చాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని అందుకుంది. మూసింది. తర్వాత బొటనవేలితో అంచులు తడిమి, తానే తెరిచింది. సరైన పేజీయే వచ్చింది.